సవరణ: ఆ స్వరం వచ్చింది అరణ్యానికి ముందే

దేవుని ప్రేమలో మనం ఎవరం అంటూ పోయిన వారం రాసిన పోస్టులో పెద్ద పొరపాటు చేశాను. యేసుప్రభువు అరణ్యంలో 40 రోజులు ఉపవాసముండి, శోధనను, అంటే సాతాను పెట్టిన పరీక్షను, జయించాకే తండ్రి ఆయన్ని ‘నా ప్రియ కుమారుడు’ అన్నాడని రాశాను. అది తప్పు. మత్తయి సువార్త 3వ అధ్యాయం చివర, యొర్దాను నదిలో బాప్తిస్మం పొంది ఒడ్డుకు రాగానే తండ్రి స్వరం వచ్చింది. అరణ్యం 4వ అధ్యాయంలో, ఆ తర్వాత. 17వ అధ్యాయంలో కొండ మీద ఆ మాటే మళ్లీ వినిపిస్తుంది. రెండూ కలిపేశాను.

ఆదివారం ఆరాధన అయ్యాక మా చర్చిలో ఒక పెద్దమ్మ నన్ను ఆపారు. అంచులు నలిగిన బైబిల్ తెరిచి, వచనం మీద వేలు పెట్టి, "అప్పటికి ఇంకా ఒక్క అద్భుతం కూడా చేయలేదు కదా నాయనా" అన్నారు.

ఇది వరుస తప్పడం మాత్రమే కాదు. నేను రాసినట్టయితే, గెలిస్తేనే ప్రేమ అని అర్థం వస్తుంది. ఇంటర్ రిజల్ట్స్ టెన్షన్‌లో ఉన్న పిల్లలెవరైనా అది చదివి ఉంటే అని తలచుకుంటే బాధగా ఉంది. శోధకుడైన సాతాను అడిగింది కూడా అదే: దేవుని కుమారుడవైతే రాళ్లను రొట్టెలు చేసి చూపించమని. ‘ప్రియ’ అన్న మాట మాత్రం వదిలేశాడు. ప్రభువు ఏదీ రుజువు చేయబోలేదు. తండ్రి మాట అప్పటికే విని ఉన్నాడు.

ఆ పేరా తీసేశాను. యూత్ మీటింగ్ కోసం కాపీ చేసుకున్నవాళ్లు దయచేసి మార్చుకోండి.