నిలబెట్టిన మోటార్‌హోమ్‌లోని బ్యాటరీలకు ఉభయకుశలోపరి

మోటార్‌హోమ్ అనే మా ఇల్లులాంటి బండిలో ఇంజన్ స్టార్ట్ చేసే మహారాజశ్రీ ఇంజన్ బ్యాటరీ గారికి, లోపలి లైట్లూ ఫ్యాన్లూ నడిపే ఇంటి బ్యాటరీ గారికి నమస్కరించి రాయునది.

ఇక్కడ మేమందరం క్షేమం. అక్కడ మీరు క్షేమంగా లేరని వోల్టులు కొలిచే మల్టీమీటర్ చెప్పింది. కాబట్టి ఉభయకుశలం సగానికే పరిమితం, ఏమీ అనుకోవద్దు.

సంగతేమిటంటే, మొన్న తాళం తిప్పితే ఇంజన్ ఇచ్చిన జవాబు టిక్ టిక్ టిక్. అంతే. డ్యాష్‌బోర్డు లైట్లు మొహమాటానికన్నట్టు ఒకసారి వెలిగి నీరసంగా ఆరిపోయాయి. తలుపు దగ్గరి కరెంటు మెట్టయితే సగం బయటికొచ్చి అక్కడే ఆగిపోయింది, లోపలికీ పోదు, పూర్తిగా బయటికీ రాదు, ఎక్కబోయేవాళ్ల పిక్కలకు గురిపెట్టి కూర్చుంది.

బండి కదిలి నెలలైంది, నిజమే. కానీ సూటిగా ఒక్క మాట అడుగుతాను. ఏ పనీ చేయనివాళ్లు ఎందుకండీ అలసిపోయారు? లైటు వేసినవాళ్లు లేరు, ఫ్యాన్ తిప్పినవాళ్లు లేరు, నీళ్ల పంపు ఊసే లేదు. మీ పక్కనే టైర్లు కూడా ఇన్నాళ్లూ ఖాళీగానే నిలబడ్డాయి, కాస్త గాలి తగ్గితే తగ్గింది గానీ మీలాగా చేతులెత్తేయలేదు.

ముందు ఇంటి బ్యాటరీ గారి లెక్క చూద్దాం. నిండుగా ఉన్నప్పుడు మీరు చూపించాల్సింది 12.6 వోల్టుల పైమాట. 12.2 అంటే దాదాపు సగం. 12 కంటే కిందికి దిగారంటే అడుగంటినట్టే. మొన్న మీరు చూపించింది 10.8. అడిగితే మీ తరఫున అందరూ చెప్పేది ఒక్కటే, "పక్కన పెడితే దానంతటదే దిగుతుంది" అని. దిగుతుంది, కాదనను, ఎండాకాలంలో ఇంకా త్వరగా దిగుతుంది. కానీ మీ అసలు సమస్య అది కాదు, మీ చుట్టూ చేరిన బ్యాచ్. గ్యాస్ లీకైతే అరిచే అలారం, రేడియోలోని గడియారం, బండి ఎక్కడుందో చెప్పే ట్రాకర్, ఏ పనీ లేకపోయినా స్టాండ్‌బైలో మేలుకునే ఇన్వర్టర్. అన్నీ కలిపి 0.1 ఆంపియర్ లాగినా రోజుకు 2.4 ఆంపియర్ అవర్లు పోయినట్టే. మీ మొత్తం ఆస్తి 100 ఆంపియర్ అవర్లు, అంటే మూడు వారాలకే సగం హారతి కర్పూరం. కూర్చుని తింటే కొండలైనా కరుగుతాయంటారు, మీ విషయంలో కూర్చున్నది మీరు, తిన్నది వాళ్లు.

చీకటి పడ్డాక కిటికీలోంచి చూస్తే ఆ గ్యాస్ అలారం ఆకుపచ్చ లైటు దీక్షగా వెలుగుతూనే ఉంటుంది. ప్రాణాలు కాపాడే వస్తువు, తిట్టకూడదు. కానీ మనుషుల్లేని బండిలో, సిలిండర్ వాల్వ్ కట్టేసి ఉండగా, అది ఎవరి ప్రాణాలు కాపాడుతోందో మీరైనా కనుక్కోవాల్సింది. మరి తలుపు పక్కన పెద్ద స్విచ్ ఉంది కదా, "బ్యాటరీ డిస్‌కనెక్ట్" అని రాసి మరీ? చాలా బండ్లలో అది లైట్లనూ పంపునూ ఆపుతుంది గానీ, ఈ అలారం లాంటివి నేరుగా మీ టెర్మినల్‌కే తగిలించి ఉంటాయి. ఆ స్విచ్‌కు ఆ పేరు పెట్టినవాళ్లకు వేరే ఉత్తరం రాస్తాను.

ఇంజన్ బ్యాటరీ గారూ, మీరు నవ్వకండి. బయటి కరెంటు ప్లగ్ పెడితే చాలా బండ్లలో ఛార్జింగ్ అందేది ఇంటి బ్యాటరీకే. పైన సోలార్ ప్యానెల్ ఉన్నా తరచుగా అదే తంతు, షెడ్డు కింద పెడితే అదీ లేదు. పక్క విస్తరిలో విందు జరుగుతుంటే మీరు పస్తు పడుకున్నారన్నమాట. పోనీ నోరు తెరిచి అడిగారా అంటే అదీ లేదు.

మీ పూర్వీకుణ్ణి 1859లో గాస్టన్ ప్లాంటే అనే ఫ్రెంచి శాస్త్రవేత్త తయారుచేశాడు. అదే సీసం, అదే యాసిడ్, ఇన్నేళ్లలో నేర్చిన కొత్త బుద్ధి పెద్దగా కనపడదు. ఖాళీ కడుపుతో పడుంటే ప్లేట్ల మీద సల్ఫేట్ గట్టిపడుతుందనీ, ఆ తర్వాత ఎంత ఛార్జ్ పెట్టినా పాత బలం రాదనీ మీకు తెలియనిదా? నిండుగా ఉంటే మైనస్ 50 డిగ్రీల చలికీ గడ్డకట్టని మీరు, ఖాళీ అయితే లోపలి యాసిడ్ నీళ్లలా పలచబడి, సున్నాకు కాస్త కిందికెళ్లగానే గడ్డకట్టి డబ్బా పగలగొట్టుకుంటారు. ఇంత సున్నితమైనవాళ్లు ఒక్క మాటైనా ముందే చెప్పొద్దూ!

ఇక మీ దోస్తు, ఆ స్మార్ట్ ఛార్జర్. మీరు మరీ కిందికి దిగిపోతే అది మిమ్మల్ని గుర్తే పట్టదు. క్లిప్పులు రెండూ బిగించి ఉన్నా, ఎర్ర లైటు ఆర్పి వెలిగిస్తూ "బ్యాటరీ లేదు" అంటుంది. బాగున్న ఇంకో 12 వోల్టుల బ్యాటరీని ప్లస్‌కు ప్లస్, మైనస్‌కు మైనస్ కలిపి చూపిస్తే అప్పుడు నమ్మి ఛార్జింగ్ మొదలుపెడుతుంది. స్మార్ట్ అట!

"వారానికోసారి ఇంజన్ పది నిమిషాలు స్టార్ట్ చేసి ఆపేస్తే చాలు" అనే సలహాదారులు కూడా మీ పార్టీ వాళ్లే అని నా అనుమానం. ఆ పది నిమిషాల్లో స్టార్టర్ తిన్నది కాస్త పూడుతుంది, దిగిపోయినది నిండాలంటే గంటలు పడుతుంది. ఇంకో టెక్కు ఏమిటంటే, ఛార్జర్ తీసిన వెంటనే మీటర్ పెడితే 13 చూపించి మురిపిస్తారు. కొన్ని గంటలు ఆగి చూస్తే గానీ అసలు రంగు బయటపడదు.

ఇక నుంచి పద్ధతి మారుతోంది. బండి నిలబెట్టిన రోజే ఇద్దరికీ నెగటివ్ వైరు ఊడుతుంది, మీ బ్యాచ్ మొత్తానికీ తిండి బంద్. ఇద్దరికీ చెరొక చిన్న ఛార్జర్, 13.5 వోల్టుల దగ్గర నిలబెట్టి కాపలా కాసేది. డిస్టిల్డ్ వాటర్ అడక్కుండానే పోస్తాం. టెర్మినళ్ల మీద పెంచుకున్న ఆ తెల్లటి పొడి కూడా వేడినీళ్లతో పోతుంది, అది మీ ఆభరణమైతే క్షమించాలి.

ఇట్లు,
మీ ఇద్దరి బరువూ మోసి నడుం పట్టేసిన మనిషి

తా.క.: లిథియం వాళ్ల సంబంధం కూడా చూస్తున్నాం. బరువు తక్కువ, పక్కన పెట్టినా పెద్దగా దిగరు. కానీ ఉష్ణోగ్రత సున్నా కంటే తగ్గితే ఛార్జింగ్ ముట్టరట, ఖాళీ అయితే లోపలి సర్క్యూట్ తలుపేసుకుని మీటర్‌కు సున్నా చూపిస్తారట. మీ ఉద్యోగాలు ఇంకా ఉన్నాయంటే ఆ అలకల పుణ్యమే.