ఓడుతున్న కోచ్‌కి ఎన్నాళ్లు గడువు?

అమెరికాలో నెబ్రాస్కా రాష్ట్రం, లింకన్ ఊరు. అక్కడి యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ అంటే ఊరికి ప్రాణం. సుమారు 85,000 మంది పట్టే మెమోరియల్ స్టేడియంలో 1962 నుంచి ప్రతి మ్యాచ్‌కీ టికెట్లన్నీ అమ్ముడుపోతూనే ఉన్నాయి. 1997లో అదే టీమ్‌కి క్వార్టర్‌బ్యాక్‌గా (దాడిని నడిపే ఆటగాడిగా) ఆడి జాతీయ టైటిల్ తెచ్చిన స్కాట్ ఫ్రాస్ట్ 2018లో కోచ్‌గా తిరిగొచ్చాడు. ఐదో సీజన్‌లో, మూడు మ్యాచ్‌లు కాగానే పంపించేశారు. మొత్తం లెక్క 16 గెలుపులు, 31 ఓటములు. తొందరపడ్డారా, ఆలస్యం చేశారా? ఆ ఊళ్లోనే స్థిరపడ్డ ఒక తెలుగు బాబాయికీ, అక్కడే చదువుకున్న అన్నకొడుక్కీ ఈ విషయంలో ఎప్పుడూ పడదు.

అబ్బాయి: బాబాయ్, 4-8 (అంటే 4 గెలుపులు, 8 ఓటములు), 5-7, 3-5, 3-9. నాలుగు సీజన్లలో ఒక్కదాంట్లోనైనా ఓటముల కంటే గెలుపులు ఎక్కువున్నాయా? ఇంకేం చూద్దామని ఆగారు?

బాబాయి: అంకెలు చూస్తే అంతే. మ్యాచ్‌లు చూడు. 2021లో ఓడిన తొమ్మిదింట్లో ఏ ఒక్కటీ తొమ్మిది పాయింట్ల తేడా దాటలేదు. ఒహాయో స్టేట్ అంతటి వాళ్లతో 26-17. సీజన్ మొత్తం మీద మనం కొట్టిన పాయింట్లే ఎక్కువ. అలాంటి టీమ్‌ని చూసి ఇంకొక్క ఏడాది ఇద్దాం అనుకోవడం తప్పెట్లా అవుతుంది రా?

అబ్బాయి: ఒకసారి జరిగితే ఖర్మ అనుకోవచ్చు. ఒక్క స్కోరు తేడాతో, అంటే 8 పాయింట్లు మించకుండా, తేలిన మ్యాచ్‌లు అతని హయాంలో 27. గెలిచినవి 5. అంతసేపు పోరాడి చివర్లో చేజార్చుకోవడం అలవాటైతే, దానికి కోచ్ కాక ఇంకెవరు బాధ్యులు? 2022 ఆగస్టులో డబ్లిన్ మ్యాచ్ చూశావుగా. మూడో క్వార్టర్, మనం 28-17తో ముందున్నాం. బంతిని దూరంగా తన్ని ఊరుకుంటే సరిపోయేది. పొట్టిగా తన్ని మళ్లీ మనమే పట్టుకుందామని ఆన్‌సైడ్ కిక్ వేయించాడు. బంతి నార్త్‌వెస్టర్న్ వాళ్లకి దొరికింది, టచ్‌డౌన్ కొట్టారు, ఆఖరికి 31-28.

బాబాయి: ఆ కిక్‌ని నేనూ వెనకేసుకురాను. కానీ మన ఊరి జబ్బు ఫ్రాస్ట్‌తో మొదలైంది కాదు. 2003లో ఫ్రాంక్ సోలిచ్ 9 మ్యాచ్‌లు గెలిచిన ఏడాదే తీసేశారు. ఆరేళ్లలో 58-19 రికార్డు ఉన్నవాణ్ణి! తర్వాత కాలహన్ వచ్చాడు, పెలీనీ వచ్చాడు, రైలీ వచ్చాడు, ఫ్రాస్ట్ వచ్చాడు. కాన్ఫరెన్స్ (మన కాలేజీల గ్రూపు) టైటిల్ చూస్తే ఆఖరుది సోలిచ్ తెచ్చిందే, 1999లో. మార్చి మార్చి ఏం బావుకున్నాం? టామ్ ఓస్బోర్న్ 1973లో మన కోచ్‌గా వచ్చి వరసగా ఐదేళ్లు ఒక్లహోమా చేతిలో ఓడాడు. మొదటి జాతీయ టైటిల్ 1994లో. అప్పుడు నీలాంటివాళ్ల మాట వినుంటే ఆ టైటిల్ వచ్చేదా?

అబ్బాయి: ఓస్బోర్న్ ఏ ఏడాదైనా 9 గెలుపులకి తగ్గాడా బాబాయ్?

(తగ్గలేదు. పాతికేళ్లలో ఒక్కసారి కూడా. బాబాయికి ఆ సంగతి బాగా తెలుసు, అందుకే ఉదాహరణ మార్చాడు.)

బాబాయి: సరే, ఫ్రాంక్ బీమర్‌ని తీసుకో. 1987లో వర్జీనియా టెక్‌కి వచ్చాడు. ఆరో ఏట, 1992లో, 2-8-1 (ఒకటి సమం). మీరైతే అతణ్ణి మూడో ఏటే బస్సెక్కించేవాళ్లు. వాళ్లు ఉంచారు. మరుసటి ఏడాది 9-3. 1999 సీజన్‌లో జాతీయ ఫైనల్ దాకా వెళ్లాడు. 2015లో తనంతట తాను రిటైరయ్యాడు.

అబ్బాయి: ఇది ఒప్పుకుంటా, మంచి ఉదాహరణే. కానీ అది 1992. అప్పట్లో ఆటగాడు కాలేజీ మారితే సాధారణంగా ఒక ఏడాది కూర్చోవాలి, కాబట్టి చచ్చినట్టు ఉండేవాడు. ఇప్పుడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ఉంది, అందులో పేరు రాసుకుని వేరే కాలేజీకి వెళ్లి వెంటనే ఆడొచ్చు. రెండేళ్లు ఓడితే బాగా ఆడేవాళ్లు వెళ్లిపోతారు. గెలిస్తేగానీ ఆటగాళ్లు ఉండరు, ఆటగాళ్లుంటేగానీ గెలవం. పెళ్లి కుదిరితేగానీ పిచ్చి కుదరదన్నట్టే. అదే పోర్టల్‌తో కర్ట్ సిగ్నెట్టి ఏం చేశాడో చూడు. ఇండియానా 2023లో 3-9. అతనొచ్చిన మొదటి ఏడాదే 11-2.

బాబాయి: తన పాత కాలేజీ జేమ్స్ మాడిసన్ నుంచి ఆటగాళ్లని వెంటబెట్టుకొచ్చాడు కదా! అందరికీ అలా కుదురుతుందా? పోనీ మిషిగన్‌కి కోచ్‌గా చేసిన హార్బా సంగతి చెప్పు. 2020లో మిషిగన్ 2-4. జీతం సగానికి దగ్గరగా కోసి ఉంచారు. మరుసటి ఏడాది ఒహాయో స్టేట్‌ని ఓడించాడు, 2023లో జాతీయ చాంపియన్. అప్పటి మన అథ్లెటిక్ డైరెక్టర్ (యూనివర్సిటీ ఆటల విభాగం పెద్ద) ట్రెవ్ ఆల్బర్ట్స్ ఫ్రాస్ట్‌కి వేసిన మందు కూడా అదే. 50 లక్షల డాలర్ల జీతాన్ని 40 లక్షలు చేశాడు.

అబ్బాయి: మందు ఒకటే, రోగులే వేరు. హార్బా మొదటి నాలుగేళ్లలో మూడుసార్లు 10 మ్యాచ్‌లు గెలిచి చూపించాడు. అతను కిందపడితే మళ్లీ లేస్తాడనుకోవడానికి ఆధారం ఉంది. ఫ్రాస్ట్ ఇక్కడ ఏం చూపించాడు? సెంట్రల్ ఫ్లోరిడాలో 2017లో 13-0 అంటావా, అది అక్కడ. అసలు నాకు కడుపుమంట ఓటముల మీద కాదు బాబాయ్. 2019 నవంబరులో, ఓడుతూ ఉండగానే, అతనికి 2026 దాకా కాంట్రాక్టు పొడిగించారు. ఎందుకు? అడిగిందెవరు? ఆ సంతకం పెట్టాక కోచ్ ఎన్నాళ్లుండాలో ఆట కాదు, బయౌట్ (గడువుకి ముందే తీసేస్తే కట్టాల్సిన డబ్బు) చెబుతుంది.

బాబాయి: ఆ బయౌట్ దగ్గరే మీ తొందర బయటపడింది. 2022 అక్టోబరు 1 దాకా ఆగితే 75 లక్షల డాలర్లతో పోయేది. సెప్టెంబరు 11నే తీసేసి కోటిన్నర కట్టారు. మూడు వారాల కోసం 75 లక్షలు అదనం!

అబ్బాయి: ముందురోజు రాత్రి స్టేడియంలో ఉంటే నువ్వే జేబులోంచి తీసిచ్చేవాడివి. జార్జియా సదరన్. మనమే పిలిచి, డబ్బిచ్చి ఆడించుకున్న టీమ్. 35కి పైగా పాయింట్లు కొట్టి సొంత మైదానంలో ఓడటం మన చరిత్రలో లేదు. ఆ రాత్రి 42 కొట్టి ఓడాం, 45-42. ఆఖరి టచ్‌డౌన్ 36 సెకన్లుండగా ఇచ్చుకున్నాం.

బాబాయి: సీజన్ మధ్యలో తీసేస్తే, అతణ్ణి నమ్మి వచ్చిన పిల్లల గతేంటి? నా పాయింటు అదొక్కటే. నాలుగేళ్లివ్వు, ఐదేళ్లివ్వు, తీసేస్తే డిసెంబరులో తియ్యి.

అబ్బాయి: డిసెంబరులో అనే నేనూ అంటున్నా. కాకపోతే అది 2021 డిసెంబరు. నాలుగు సీజన్లు పూర్తిగా చూశాక ఐదోది మొదలుపెట్టనివ్వడమే తప్పు.

బాబాయి: మరి ఫ్రాస్ట్ తర్వాత వచ్చిన మ్యాట్ రూల్ మాటేంటి? 2023లో 5-7, 2024లో 7-6. ఇతనికీ నాలుగేళ్లేనా?

అబ్బాయి: నాలుగేళ్లే. కానీ ఎవరు ఆగనిచ్చారు? 2025 అక్టోబరులో పెన్ స్టేట్ తన కోచ్‌ని తీసేసింది, రూల్ అక్కడే చదివినవాడు. ఎగరేసుకుపోతారేమోనని ఆ నెలలోనే మనవాళ్లు 2032 దాకా రాసిచ్చేశారు.

బాబాయి: ఇవ్వకపోయి అతను వెళ్లిపోయుంటే, ముందు అరిచేది నువ్వే.

అబ్బాయి: అరిచేవాణ్ణే. అయినా సంతకం మాత్రం పెట్టేవాణ్ణి కాదు.