గుర్రపుడెక్క గారికి కాలనీవాసుల విన్నపం

మహారాజశ్రీ గుర్రపుడెక్క గారికి, చెరువు ఒడ్డు కాలనీవాసులు వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. చెరువు నీటి మీద తేలుతూ పరుచుకునే కలుపు మొక్కలు కదా తమరు, మీ క్షేమం మా బాల్కనీలోంచి కనిపిస్తూనే ఉంది లెండి.

మీ ఐకమత్యం ముందు మేం దిగదుడుపే. తల్లి మొక్క పక్కకో తీగ చాపుతుంది, దాని కొసన పిల్ల, ఆ పిల్లకో తీగ. తీగ లాగితే డొంకంతా కదలడం మీ దగ్గరే చూడాలి. మాకేమో పై ఫ్లాటులో ఎవరున్నారో తెలీదు. అయినా మీకు భోజనం మాత్రం అందరం కలిసే పెడుతున్నాం. వాననీటి నాలాలోకి మరుగుదొడ్డి పైపు తిప్పింది మేమే కదా! అందులోని నత్రజని, భాస్వరం మీకు పంచభక్ష్య పరమాన్నాలు.

పూర్వం చెరువుకు నీరటి ఉండేవాడు. తూము తీసి మడిమడికీ నీళ్లు పంచేవాడు. ఆయకట్టు (చెరువు నీటితో సాగయ్యే పొలాలు) రైతులే అతనికి కల్లంలో గింజలు కొలిచేవారు. ఎండాకాలం పూడికమట్టి పొలాలకు తోలుకునేవారు. చెరువు చెడితే కంచంలో మెతుకులు తగ్గేవి మరి. 1997లో సాగునీటి సంఘాలకు చట్టమైతే వచ్చింది గానీ, అందులో ఓటు ఆయకట్టుదారులది. ఆయకట్టే ప్లాట్లయ్యాక ఓటరెవరు?

ఏడాదికో ఆదివారం మీ మీదికి దండెత్తుతాం. గ్లవ్స్, ఫోటోలు, టిఫిన్లు. నూటికి 95 పాళ్లు తీసేశామే అనుకోండి. మురుగు బాగా తగిలితే మీరు రెండు వారాలకే రెట్టింపు. మిగిలిన 5 కాస్తా 10, 20, 40, ఎనిమిదో వారానికి 80. పైగా తీసినదంతా కట్ట మీదే కుప్ప పోస్తాం, వాన పడగానే ఆ కుళ్లు రసం మళ్లీ చెరువులోకే.

మీకు గిట్టనివీ ఉన్నాయి. ముందు ఆ పైపును నాలా నుంచి విడదీయడం. తర్వాత తాడుకు ఖాళీ డబ్బాలు కట్టి, శుభ్రం చేసిన వైపు మీరు తేలి రాకుండా నీటికి అడ్డం వేయడం. పూత రాకముందే పుట్టిలో వెళ్లి వేర్లతో సహా లాగడం. పూత దాటి గింజ రాలిందంటే బురదలో ఏళ్లతరబడి బతికే ఉంటుంది. లాగినవాటిని కట్టకు దూరంగా ఎండబెట్టి, పేడ కలిపి ఎరువు చేయొచ్చు (మురుగులోని లోహాలూ మింగే ఘనులు కాబట్టి పూలమొక్కలకే, ఆకుకూరలకు వద్దు). ఆపైన వారానికో గంట నలుగురు కొత్త పిలకలు ఏరితే చాలు.

కంగారుపడకండి. ఈ మాట వాట్సాప్ గ్రూపులో పెడితే అందరూ చప్పట్ల బొమ్మ పెడతారు, కిటికీలకు దోమల జాలీ మాత్రం ఎవరికి వారు బిగించుకుంటారు.

చిత్తగించవలెను.