పట్టుదల లేకే కోలుకోలేదట!

మళ్లీ వచ్చింది. ఈసారి పంపింది చిన్ననాటి స్నేహితుడు, కింద "చాలా ఉపయోగకరం, తప్పక చదవండి" అని రాసి మరీ. పంపేవాళ్లంతా తిట్టడానికి మనసొప్పనంత మంచివాళ్లు కావడమే నాకొచ్చిన చిక్కు. మెసేజ్ పేరు "మెదడు గాయం నుంచి కోలుకోవడానికి 7 రహస్యాలు, ప్రపంచ శాస్త్రవేత్తలు తేల్చిన నిజాలు". ఏ శాస్త్రవేత్తలు, ఎప్పుడు తేల్చారన్నది మాత్రం రహస్యంగానే ఉంచారు.

ఇంకా అందని అదృష్టవంతుల కోసం ఆ ఏడూ చెప్తాను. మనం మెదడులో 10 శాతమే వాడతాం, దెబ్బ తగిలితే మిగతా 90 శాతం పనిలోకి దిగుతుంది. చచ్చిన మెదడు కణాలు మళ్లీ పుడతాయి. వచ్చేదేదైనా ఆరు నెలల్లోపే వస్తుంది, ఆ తర్వాత ఫిజియోథెరపీ డబ్బు దండగ. రోగికి పూర్తి విశ్రాంతి ఇవ్వాలి, అన్నీ మనమే చేసిపెట్టాలి. మెదడుకు బలమిచ్చే టాబ్లెట్లు, బ్రెయిన్ గేమ్స్ వాడాలి. పిల్లలకైతే భయం లేదు, వాళ్ల మెదడు దానంతటదే సర్దుకుంటుంది. ఆఖరిది బోల్డ్ అక్షరాల్లో ఉంది: అంతా మనోబలమే, కోలుకోనివాళ్లంటే కోలుకోవాలన్న పట్టుదల లేనివాళ్లే.

తలకు దెబ్బ తగిలినవాళ్లతో, పక్షవాతం వచ్చినవాళ్లతో వ్యాయామాలు చేయించడం నా పని. ఈ మెసేజ్ చదివి వచ్చిన కుటుంబాలు నాకు రోజూ ఎదురవుతాయి. అందుకే ఈ జవాబు. వాళ్ల వరస పాటించను, తేలికవి ముందు తీసేస్తాను.

10 శాతం సంగతి. గోరంత చోట రక్తం ఆడకపోతే మాట పడిపోతోంది. మరి ఆ 90 శాతం అప్పుడేం చేస్తోంది, సెలవులో ఉందా? అయిపోయింది, తర్వాతది.

కణాలు మళ్లీ పుట్టడం. పెద్దవాళ్ల మెదడులో కొత్త నాడీకణాలు పుడతాయా లేదా అన్నది ఇంకా తెగని పంచాయితీ. 2018లో హిప్పోక్యాంపస్ అనే చిన్న భాగం గురించే ఒక బృందం పుట్టడం లేదంది, ఇంకో బృందం పుడుతున్నాయంది. ఎవరిది నిజమైనా, పడిపోయిన చెయ్యి మళ్లీ లేవడానికి కారణం అది కాదు. బతికి ఉన్న కణాలే కొత్త లంకెలు వేసుకుని పని పంచుకుంటాయి. 1996లో రాండాల్ఫ్ నూడో బృందం కోతుల మెదడులో చేతిని నడిపే చోట చిన్న గాయం చేసి చూసింది. వేళ్లతో పట్టుకునే పని పట్టుబట్టి చేయించిన కోతుల్లో చేతికి సంబంధించిన మిగిలిన భాగం నిలబడింది, కొన్నిటిలో మోచేతిని, భుజాన్ని నడిపే చోటులోకీ విస్తరించింది. ఏ శిక్షణా ఇవ్వకుండా వదిలేసిన కోతుల్లో ఆ మిగిలిన భాగం కూడా కుంచించుకుపోయింది.

ఈ ఒక్క ప్రయోగం చాలు, "పూర్తి విశ్రాంతి" సలహాని చెత్తబుట్టలో వేయడానికి. వాడని చేతికి మెదడులో చోటు మిగలదు. ఎడ్వర్డ్ టౌబ్ కూడా కోతుల్లోనే ఇంకోటి గమనించాడు. స్పర్శ నరాలు తెంపిన చేతిని కోతి పూర్తిగా వదిలేస్తుంది. మంచి చేతిని కట్టేస్తే మాత్రం, పనికిరాదనుకున్న ఆ చేతితోనే తిండి అందుకుంటుంది. అంటే చెయ్యి చేతకాక కొంత, వాడటం మానుకుని కొంత పోతోందన్నమాట. దీన్నే మనుషులకు వర్తింపజేసి 2006లో ఎక్సైట్ అనే అధ్యయనం ఫలితాలు ఇచ్చారు. పక్షవాతం వచ్చి 3 నుంచి 9 నెలలైన 222 మంది అందులో ఉన్నారు. వాళ్లలో ఒక సగానికి మంచి చేతికి మందపాటి తొడుగు వేసి, రెండు వారాల పాటు రోజుకు ఆరు గంటల దాకా బలహీనమైన చేతితోనే పనులు చేయించారు. ఏడాది తర్వాత చూసినా మామూలు వైద్యం అందుకున్నవాళ్ల కంటే ఆ సగమే ముందుంది. అయితే మణికట్టు, వేళ్లు కాస్తయినా కదిలేవాళ్లనే తీసుకున్నారు. అది కూడా చెప్పాలి.

ప్రేమ కొద్దీ అన్నీ చేసిపెట్టే ఇళ్లలో జరిగేది దీనికి సరిగ్గా తలకిందులు. మొన్న ఒకాయన కుడిచేత్తో గ్లాసు అందుకోబోతున్నారు. ముందు భుజం పైకి లేచింది, తర్వాత ఒళ్లంతా ఎడమకు ఒరిగింది, అప్పుడు వేళ్లు మెల్లగా విచ్చుకోవడం మొదలుపెట్టాయి. సరిగ్గా ఆ క్షణంలో కూతురు గ్లాసు తీసి నోటికి అందించింది. "కష్టపడుతున్నారండీ, చూడలేకపోయాను" అంది. ఆ అమ్మాయిని ఏమంటాం? ఆ మెసేజ్ రాసినవాణ్ని అనాలి.

విశ్రాంతి విషయంలో ఒక మినహాయింపు మాత్రం ఉంది, అది మా వృత్తిలో వాళ్లకే మింగుడుపడలేదు. పక్షవాతం వచ్చిన 24 గంటల్లోపే రోగిని లేపి, మాటిమాటికీ నిలబెట్టి నడిపిస్తే మంచిదనుకునేవాళ్లం. అవర్ట్ అనే అధ్యయనం 2,104 మందిలో దీన్ని పరీక్షించి 2015లో ఫలితం చెప్పింది. మూడు నెలలకు బాగున్నవాళ్లు, అలా లేపిన గుంపులో 46 శాతం, మామూలుగా చూసుకున్న గుంపులో 50 శాతం. కాబట్టి మొదటి రోజున తొందరపడొద్దు. మొదటి రోజున, అంతే. మెసేజ్ చెప్పినట్టు నెలల తరబడి మంచానికి అతికించమని కాదు.

ఇక ఆరు నెలల గడువు. దీని మీద విరుచుకుపడతాననుకుంటున్నారా? ఇందులో కొంత నిజం ఉంది. 2021లో వచ్చిన సీపాస్ అధ్యయనంలో పక్షవాతం వచ్చిన 72 మందిని నాలుగు గుంపులు చేసి, ఒక గుంపుకు మామూలు వైద్యమే, మిగతా మూడు గుంపులకు దానితో పాటు 20 గంటల అదనపు శిక్షణ ఇచ్చారు. కొందరికి మొదటి నెలలోపు, కొందరికి రెండు మూడు నెలలప్పుడు, కొందరికి ఆరు నెలలు దాటాక. అన్నిటికంటే ఎక్కువ లాభం రెండు మూడు నెలలప్పుడు మొదలుపెట్టినవాళ్లకు వచ్చింది. ఆరు నెలలు దాటినవాళ్లకు చెప్పుకోదగ్గ లాభం కనిపించలేదు. కాబట్టి తొలి నెలలు బంగారమే, వాటిని పోగొట్టుకోకూడదు.

అయితే ఆరు నెలలు దాటాక అందింది 20 గంటలే. అదే లండన్‌లోని క్వీన్ స్క్వేర్ ఆసుపత్రిలో మూడు వారాల్లో 90 గంటలు ఇచ్చారు. 2019లో ప్రచురించిన 224 మందిలో సగం మందికి జబ్బు చేసి ఏడాదిన్నర దాటింది. చేతి పనితీరు పెరిగింది, ఆరు నెలల తర్వాత కూడా నిలిచింది. పోల్చి చూడటానికి ఇంకో గుంపు లేదన్న లోటు దానికి ఉంది. ఆ లోటు లేనిదీ ఒకటుంది. 2021లో, పక్షవాతం వచ్చి 9 నెలల నుంచి 10 ఏళ్లయిన 108 మందికి శిక్షణతో పాటు మెడలోని వేగస్ నరానికి చిన్న కరెంటు ప్రేరణ ఇచ్చారు, దాదాపు సగం మందికి నిజంగా, మిగతావాళ్లకు ఉత్తుత్తిగా. మూడు నెలల తర్వాత చూస్తే, రోజువారీ బతుకులో తేడా తెలిసేంత మెరుగు నిజం ప్రేరణ అందినవాళ్లలో 47 శాతానికి, ఉత్తుత్తి ప్రేరణ అందినవాళ్లలో 24 శాతానికి కనిపించింది. ఆ ఉత్తుత్తి ప్రేరణ, శిక్షణ మాత్రమే దక్కిన 24 శాతం మంది కూడా ఆరు నెలల గడువు దాటినవాళ్లే.

గడువు కంటే నన్ను ఎక్కువ బాధపెట్టేది మోతాదు. 2009లో కేథరిన్ లాంగ్ బృందం పునరావాస కేంద్రాల్లో కూర్చుని లెక్కపెట్టింది. చేతికి సంబంధించిన పనులు ఒక సెషన్‌లో సగటున 32 సార్లు చేయిస్తున్నారు. జంతువుల ప్రయోగాల్లో వందల సార్లు చేయిస్తేనే మెదడులో మార్పు వచ్చింది. ఈ పాపం మెసేజ్‌ది కాదు, మాది. "ఎన్ని నెలలు చేయించాలి?" అని అడిగే కుటుంబాలు "రోజుకు ఎన్నిసార్లు చేయిస్తున్నారు?" అని కూడా అడిగితే మాకు ఇబ్బందిగా ఉంటుంది. అడగండి.

టాబ్లెట్లు, ఆటలు త్వరగా. సిటికోలిన్‌ని తలకు దెబ్బ తగిలిన 1,213 మందిలో పరీక్షిస్తే (2012) ఉత్తుత్తి మందు కంటే ఏమీ ఎక్కువ చేయలేదు. డిప్రెషన్‌కి వాడే ఫ్లూక్సెటిన్ పక్షవాతం వచ్చినవాళ్ల చేతికి, కాలికి మేలు చేస్తుందని 118 మందితో చేసిన అధ్యయనం ఆశ పెట్టింది. 2018లో 3,127 మందిలో చూస్తే కోలుకోవడంలో తేడా లేదు, ఎముకలు విరగడం మాత్రం పెరిగింది. ఒక్క అమాంటాడిన్‌కి మార్కులు వేయాలి. గాయమయ్యాక వారాల తరబడి స్పృహ సరిగా రాని 184 మందిలో అది వాడినంత కాలం కోలుకునే వేగం పెరిగింది. అది డాక్టరు చూసి ఇవ్వాల్సిన మందు, గ్రూపులో చూసి కొనుక్కునేది కాదు. బ్రెయిన్ గేమ్స్ అయితే, 2010లో 11,430 మంది మామూలు మనుషులు వారాల తరబడి ఆడారు. ఆడిన ఆటలో మెరుగయ్యారు, ఆడని పనిలో లేదు. పేకాట ఆడితే పేకాట వస్తుంది.

ఇప్పుడు ఆ బోల్డ్ అక్షరాల దగ్గరికి వద్దాం. మిగతా ఆరింటి వల్ల డబ్బో, సమయమో పోతుంది. దీనివల్ల మనిషి మర్యాదే పోతోంది.

నుదుటి వెనక భాగానికి గాయమైన ఒకాయన్ని తలచుకోండి. కాళ్లూ చేతులూ బాగానే ఉన్నాయి. పొద్దున్నే వాష్ బేసిన్ ముందు నిలబడి బ్రష్ చేతిలో పట్టుకుంటారు. అలాగే ఉంటారు. కుళాయి తిప్పరు, పేస్టు తీయరు. ఎవరైనా వచ్చి "పేస్టు పెట్టుకోండి" అంటే పెట్టుకుంటారు, మళ్లీ ఆగుతారు. "తోముకోండి" అంటే శుభ్రంగా తోముకుంటారు. ఆయనకు బ్రష్ చేయడం తెలుసు, చేతులకు బలం ఉంది, ఎవరి మీదా కోపం లేదు. ఒక పనికి పూనుకోవడమన్నది కూడా మెదడు చేసే పనే, దెబ్బ తగిలింది దానికే. ఇంజను బాగుంది, స్టార్టర్ పోయింది. తోస్తే కదిలే బండి పక్కన నిలబడి యాక్సిలరేటర్ తొక్కమని అరిస్తే ఏం లాభం?

అలాంటాయన భార్య ఒకరోజు ఈ మెసేజ్ నాకు చూపించి, ఆయన ముందే, "ఈయనకే బాగవ్వాలని లేదండీ" అంది. ఆయన తల దించుకోలేదు, ఏమీ అనలేదు. అది కూడా జబ్బులో భాగమేనని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. మొండితనమని చెప్పడానికి మాత్రం ఫోన్ ఉంది.

ఇంకో రకం ఉంది. ఎడమ చెయ్యి కదలదు, కానీ కదలడం లేదన్న సంగతే ఆ మనిషికి తెలియదు. "చెయ్యి ఎత్తండి" అంటే "ఎత్తానుగా" అంటారు. అబద్ధం కాదు, నాటకం కాదు. బాబిన్‌స్కీ 1914లోనే దీనికి పేరు పెట్టాడు, అనోసోగ్నోసియా అని. ఉందనే తెలియని లోపం మీద పట్టుదల ఎక్కడి నుంచి తేవాలి? ఇక పక్షవాతం వచ్చినవాళ్లలో దాదాపు మూడోవంతు మందిని డిప్రెషన్ పట్టుకుంటుంది. వాళ్ల చేతికి కూడా ఈ మెసేజే ఇస్తున్నాం.

పట్టుదలే అంతా అనేవాళ్లకు ఒక లెక్క. అమెరికాలో ట్రాక్ టీబీఐ అనే పెద్ద అధ్యయనంలో, తలకు గాయమైన రెండు వారాలకు కూడా స్పృహ జాడ లేనివాళ్లు 79 మంది. ఏడాది తిరిగేసరికి వాళ్లలో 62 మందికి స్పృహ వచ్చింది. ఆ రెండు వారాలూ ఎవరి పట్టుదల పనిచేసింది? మిగతా 17 మంది ఏ వ్యక్తిత్వ వికాస క్లాసు ఎగ్గొట్టారు?

మంచి మాట మాత్రం పనిచేస్తుంది, ఒప్పుకుంటాను. 2010లో బ్రూస్ డాబ్కిన్ బృందం పక్షవాతం వచ్చిన 179 మందిని రెండు గుంపులు చేసింది. రోజూ పది మీటర్లు నడిపించి, ఎంత సేపట్లో నడిచారో ఒక గుంపుకే చెప్పి మెచ్చుకున్నారు. ఇంటికి వెళ్లే నాటికి వాళ్ల నడక సెకనుకు 0.91 మీటర్లు, రెండో గుంపుది 0.72. వైద్యం ఇద్దరికీ ఒకటే. అక్కడ పనిచేసింది "నువ్వు చేయగలవు" అన్న ఊకదంపుడు కాదు, "నిన్నటికంటే రెండు సెకన్లు తగ్గింది" అన్న ఖచ్చితమైన కబురు.

స్టార్టర్ పోయినవాళ్లకూ దారి ఉంది. ఇంగ్లండ్‌లో బార్బరా విల్సన్ బృందం జ్ఞాపకశక్తి, పనుల క్రమం దెబ్బతిన్న 143 మందికి పేజర్లు ఇచ్చింది, వేళకు "మందు వేసుకోండి" లాంటి సందేశాలు పంపింది. 80 శాతానికి పైగా మంది తమ పనులు అంతకుముందు కంటే బాగా చేసుకోగలిగారు. ఇది 2001 నాటి మాట. ఇప్పుడు ప్రతి జేబులో ఫోన్ ఉంది, అలారం ఉంది. ఈ మెసేజ్ ఫార్వర్డ్ చేయడానికి పట్టే సమయంలో ఒక అలారం పెట్టొచ్చు.

మిగిలింది పిల్లల సంగతి. 1930లలో మార్గరెట్ కెనార్డ్ కోతిపిల్లలు పెద్ద కోతుల కంటే బాగా కోలుకోవడం చూసింది, లోకం ఆ ఒక్క ముక్కే పట్టుకుంది. పెరిగేకొద్దీ కొన్ని లోపాలు బయటపడ్డాయని ఆమె రాసింది ఎవరూ ఫార్వర్డ్ చేయలేదు. ఆస్ట్రేలియాలో విక్కీ ఆండర్సన్ బృందం చిన్నప్పుడే తలకు గాయమైన పిల్లల్ని ఏళ్ల తరబడి గమనించింది. బాగా చిన్న వయసులో తగిలిన తీవ్రమైన గాయమే ఎక్కువ నష్టం చేస్తోందని తేలింది. నాలుగేళ్ల బిడ్డ పరిగెడుతుంటే అంతా సర్దుకుందనిపిస్తుంది. ఆ వయసులో ఎవరూ వాడి చేత హోంవర్కు ప్లాన్ చేయించరు, కోపం అణచుకోమని ఆశించరు. ఆ పనులు మీద పడేది పదేళ్లు దాటాక, లోటు కనపడేదీ అప్పుడే. అప్పటికి పాత దెబ్బ సంగతి అందరూ మర్చిపోయి ఉంటారు, పిల్లాడికి "శ్రద్ధ లేదు" అన్న ముద్ర పడుతుంది. ఆసుపత్రి కాగితాలు పారేయకుండా దాచండి, ప్రతి ఏడాదీ కొత్త టీచరుకి ఆ సంగతి చెప్పండి.