కృతిభర్తల స్వర్ణయుగం

కృత్రిమ మేధ రాసిన కవితకు కవి ఎవరన్న ప్రశ్న మీద ప్రపంచమంతా తలలు బద్దలు కొట్టుకుంటున్న వేళ, మన దేశం ఆ సంగతిని 1994లోనే తేల్చేసిందని సవినయంగా మనవి చేస్తున్నాను. ఆ ఏడాది కాపీరైట్ చట్టానికి చేసిన సవరణ ప్రకారం, కంప్యూటర్ ద్వారా పుట్టిన రచనకు, దానిని పుట్టించడానికి కారకుడైన వ్యక్తే కర్త. మన ఆఫీసుల్లో డాట్ మ్యాట్రిక్స్ ప్రింటర్లు కీచుమంటున్న రోజులవి కనుక ఈ వాక్యం లోతు అప్పట్లో ఎవరికీ అందలేదు. ఇప్పుడు అందుతోంది. పూర్వం కావ్యం రాసినవాడు కృతికర్త, రాయించుకున్నవాడు కృతిభర్త. భర్తగారి వంతు అగ్రహారాలివ్వడం, కనకాభిషేకాలు చేయించడం. శ్రీకృష్ణదేవరాయలు అల్లసాని పెద్దన పల్లకీకి స్వయంగా చేయి పట్టాడనీ, కాలికి గండపెండేరం తొడిగాడనీ ఇప్పటికీ గొప్పగా చెప్పుకుంటాం. పాపం, రాయలవారికి న్యాయ సలహాదారులు లేరు. స్వారోచిష మనుసంభవం మీద ఒక కావ్యం చెప్పమని ఆజ్ఞాపించినందుకు తానే కర్తనని దావా వేసి ఉంటే, పెద్దన కంప్యూటర్ కాదన్న ఒక్క సాంకేతిక అభ్యంతరం తప్ప ఆయనకు అడ్డేముంది? అమెరికా అప్పీలు కోర్టు మాత్రం కర్త మనిషే అయివుండాలని 2025లో కూడా పాత పాటే పాడింది.

గొంతుల విషయంలో మన పురోగతి మరింత వేగంగా సాగుతోంది. 2017లో ఎస్పీ బాలసుబ్రహ్మణ్యం అమెరికాలో కచేరీలు చేస్తుండగా, తాను స్వరపరిచిన పాటలను అనుమతి లేకుండా వేదికల మీద పాడరాదంటూ ఇళయరాజా తరఫున ఆయనకు లీగల్ నోటీసు అందింది. బాలు ఆ చట్టం సంగతి తనకు తెలియదని, తెలిసింది కనుక పాటిస్తానని చెప్పి ఆ పాటలను పక్కన పెట్టారు. 2020 సెప్టెంబరులో ఆయన కన్నుమూశారు. 2023లో విడుదలైన ఒక తెలుగు సినిమాలో ఆయన గొంతును అనుమతి లేకుండా ఏఐతో పునఃసృష్టించారంటూ కుమారుడు ఎస్పీ చరణ్ మరుసటి ఏడాది నోటీసు పంపారు. ఆ నోటీసులోని మాట నిజమైతే, బతికుండగా సొంత గొంతుతో పాడుకోవడానికి అనుమతి కావలసివచ్చిన గాయకుడికి, పోయాక ఏ అనుమతీ అక్కరలేని పరిపూర్ణ స్వేచ్ఛ లభించిందన్నమాట. దాదాపు అదే సమయంలో ఏఆర్ రెహమాన్ మరణించిన ఇద్దరు గాయకుల గొంతులను వాడుకునే ముందు వారి కుటుంబాలను అడగడమే కాక పారితోషికం కూడా ఇచ్చి, పరిశ్రమకు లేనిపోని అలవాటు చేయబోయారు.

ముఖాలకు మాత్రం రక్షణ దొరుకుతోంది. నాగార్జున ఢిల్లీ హైకోర్టు నుంచి, చిరంజీవి హైదరాబాద్ సిటీ సివిల్ కోర్టు నుంచి తమ పేరు, రూపం ఎవరు పడితే వారు వాడుకోకుండా 2025లో ఉత్తర్వులు తెచ్చుకున్నారు. తెచ్చుకోవలసిందే. నా దిగులు, ఆ ముఖాల సరసన కనిపించే పరభాషా నాయికకు తెలుగు అరువిచ్చే డబ్బింగ్ కళాకారిణి గురించి. చీకటి గదిలో చెవులకు హెడ్‌ఫోన్స్ తగిలించుకుని, తెర మీద పెదవి ఎక్కడ మూతపడుతుందో అక్కడే ‘మ’కారం పడేలా మాట సర్దుకుని, తన ఊపిరి మింగేసి నాయిక ఊపిరి వదిలే ఆమె పేరు, ప్రేక్షకులు పార్కింగ్ వైపు పరుగెత్తుతున్నప్పుడు తెర మీద పైకి పాకిపోతుంది, అదీ వేస్తే. ఆమె గొంతును యంత్రానికి నేర్పడం ఎంతో సులువు. ఆమె పెద్ద వకీలును పెట్టుకోవడం ఎంత కష్టమో ఇది అంత సులువు.

పరిహారం ఊసే లేదనడం కూడా అన్యాయమే. పైరసీ గ్రంథాలయాల నుంచి పుస్తకాలు దించుకున్న కేసులో కృత్రిమ మేధ కంపెనీ ఆంత్రోపిక్ 2025లో అమెరికాలో 150 కోట్ల డాలర్లకు రాజీ పడింది. పుస్తకానికి సుమారు 3,000 డాలర్లు! యంత్రానికి పుస్తకాలు చదివించడం తప్పు కాదు, దొంగ ప్రతులు పోగేసుకోవడమే చిక్కు అని న్యాయమూర్తి అంతకుముందే చెప్పారు. అదే ఏడాది నవంబరులో సినిమాల దొంగ కాపీలు పెట్టే ఐబొమ్మ సైటు నడిపాడన్న ఆరోపణపై ఒక వ్యక్తిని హైదరాబాద్ పోలీసులు అరెస్టు చేశారు. కాపీలు పోగేసే ముందు పెట్టుబడిదారులను పోగేసుకోవాలన్న వ్యాపార సూత్రం అతనికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఇక ఆ 3,000 డాలర్లలో వాటా దక్కాలంటే పుస్తకం అమెరికా కాపీరైట్ కార్యాలయంలో నమోదై ఉండాలి. భార్య గాజుల మీద అప్పు తెచ్చి 500 కాపీలు వేయించి, సగం ఆవిష్కరణ సభలో పంచిపెట్టి, మిగతా సగం మంచం కింద అట్టపెట్టెల్లో దాచుకున్న తెలుగు కథకుడు వాషింగ్టన్ దాకా వెళ్లి ఉండడని వేరే చెప్పాలా? మన కేంద్ర పరిశ్రమల ప్రోత్సాహక విభాగం కమిటీ 2025 డిసెంబరులో వెలువరించిన పత్రం ఈ కథకుణ్ణి కూడా కరుణించింది. చట్టబద్ధంగా దొరికే ఏ రచననైనా కంపెనీలు యంత్రాలకు చదివించుకోవచ్చు, రాయల్టీని ఒక కేంద్ర సంస్థ వసూలు చేసి పంచుతుంది, రచయిత మాత్రం వద్దనడానికి వీల్లేదు. ఇది ప్రతిపాదనగానే వచ్చినా, కాదనే శ్రమ నుంచి రచయితను తప్పించాలన్న ఆలోచన ప్రశంసనీయం.

ఇంతకీ వినియోగదారుడు ఏమంటున్నాడు? అతని చిత్తశుద్ధిని నేను మా వీధి చివరి ఫ్లెక్సీ దుకాణంలో కళ్లారా చూశాను. ఒక పెద్దమనిషి మనవరాలి ఓణీల ఫంక్షన్ బ్యానర్‌ను ఫోన్‌లోనే తయారు చేసుకుని వచ్చాడు. నెమళ్లు, ఏనుగులు, తామరపూలు బ్రహ్మాండంగా కుదిరాయి. అక్షరాలు మాత్రం తెలుగూ కావు, కన్నడమూ కావు. ‘ఆహ్వానం’ ఉండవలసిన చోట తలకట్లూ, సున్నాలూ, వత్తులూ ఊరూ పేరూ లేకుండా గుంపుగా నిలబడి ఉన్నాయి. డిజైన్ చేసే కుర్రాడు సాయంత్రమంతా కూర్చుని వాటిని చెరిపి, పేర్లూ ముహూర్తమూ కొత్తగా టైపు చేసి, పాపాయి కుడిచేతికి అదనంగా మొలిచిన వేలిని కూడా నొప్పి తెలియకుండా తీసేశాడు. “డిజైన్ చార్జీ ఏంటి బాబూ, డిజైన్ నేనే తెచ్చానుగా!” అని పెద్దమనిషి ప్రింటు డబ్బులు మాత్రం లెక్కపెట్టి ఇచ్చాడు. ఆలోచించగా, ఆయన వాదన 1994 నాటి సవరణకు అక్షరాలా అనుగుణంగానే ఉంది. అనువాదకులకూ ఇదే మర్యాద జరుగుతోంది. “యంత్రం చేసేసింది, మీరు ఒకసారి చూసిపెట్టండి చాలు” అని వచ్చిన ఫైలును మొదటి వాక్యం నుంచీ తిరగరాయాలి. డబ్బు మాత్రం చూసిపెట్టినందుకే వస్తుంది.

ఈ పరిస్థితుల్లో ప్రభుత్వానికి ఖర్చు లేని ఒక సూచన చేయదలచాను. మన ప్రాచీన కవులు కావ్యారంభంలో ఇష్టదేవతను కొలిచాక, తమకు ముందు రాసినవాళ్లను పేరుపేరునా తలచుకునేవారు. పూర్వకవి స్తుతి అనే ఆ ఘట్టాన్ని యంత్రాలకు నిర్బంధం చేయాలి. పెళ్లి పిలుపు రాసిపెట్టమన్నా సరే, జవాబిచ్చే ముందు యంత్రం తాను చదివిన రచయితలనూ, చూసిన బొమ్మల చిత్రకారులనూ, విన్న గొంతుల సొంతదారులనూ వరసగా స్మరించాలి. డబ్బు అడగడం లేదు, పేర్లే అడుగుతున్నాం. ముహూర్తం నాటికి జాబితా ‘అ’ దాటకపోవచ్చు, కానీ మంచి పనికి తొందర పనికిరాదు. కంపెనీలు దీనికి ఎగిరి గంతేసి ఒప్పుకుంటాయని నా నమ్మకం, ఎందుకంటే నెలకు కొంత చందా కడితే స్తుతి లేకుండానే జవాబు వచ్చే ఏర్పాటును అవి మర్నాడే ప్రవేశపెట్టగలవు. డిజైన్ చార్జీ ఎగ్గొట్టిన మన పెద్దమనిషి ఆ చందాను బేరమాడకుండా కడతాడు. ఏడాదికి ఒకేసారి కడితే రెండు నెలలు ఉచితమంటే, మనవరాలి పేరున ఇంకొకటి కూడా తీసుకుంటాడు.