రిజర్వ్ చేస్తే సరిపోదు, మ్యాపింగ్ కూడా చూడాలి

లినక్స్ కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) బూట్ అయ్యే మొదట్లో మెమరీని పంచే మెమ్‌బ్లాక్ మీద మీరు రాసిన వ్యాసం చాలా బాగుంది. కానీ "మెమ్‌బ్లాక్‌లో రిజర్వ్ చేసిన చోటుని కెర్నల్ ఇక ముట్టుకోదు" అన్న ఒక్క వాక్యం సరిచేయాలి. రిజర్వ్ అంటే ఆ చోటుని ఎవరికీ కేటాయించదు, అంతే. కాలువ గట్టుకి ఎవరికీ పట్టా ఇవ్వరు, అయినా దాని మీద జనం నడుస్తూనే ఉంటారు కదా. ఆ చోటులోని పేజీలు (మెమరీ ముక్కలు) లీనియర్ మ్యాప్‌లో, అంటే కెర్నల్ ర్యామ్‌ని అందుకునే అడ్రస్ పట్టికలో, అలాగే ఉంటాయి, కాబట్టి ప్రాసెసర్ అవసరం పడుతుందేమోనని వాటిని ముందే చదివేయొచ్చు. కెర్నల్‌కి అందకుండా విడిగా నడిచే సెక్యూర్ ఫర్మ్‌వేర్ వాడే చోటైతే అది ప్రమాదం. అలాంటి వాటికి డివైస్ ట్రీలోని (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నల్‌కి చెప్పే వివరం) రిజర్వ్‌డ్-మెమరీ నోడ్‌లో నో-మ్యాప్, అంటే మ్యాప్‌లో పెట్టొద్దని, రాయాల్సిందే.

మేము భీమవరం వైపు రొయ్యల చెరువుల దగ్గర నీటిలో ఆక్సిజన్ కొలిచే బోర్డులు పెడుతుంటాం. ఆక్సిజన్ బాగా పడిపోయేది తెల్లవారుజామునే. సరిగ్గా ఆ వేళకి కెర్నల్ పానిక్ అయి (కోలుకోలేని తప్పుతో ఆగిపోయి) రీడింగ్ ఆగితే రైతుకి ఎంత టెన్షనో చెప్పలేను. బోర్డు స్పందించకపోతే కనిపెట్టే వాచ్‌డాగ్ టైమర్ దాన్ని రీసెట్ చేసేది గానీ, ఎందుకు పడిపోయిందో తెలిసేది కాదు. పడిపోయేటప్పటి లాగ్‌ని ర్యామ్‌లో దాచే రామ్‌ఊప్స్ కోసం 1 ఎంబీ రిజర్వ్ చేశాక, రీసెట్ తర్వాత చివరి లాగ్ పీస్టోర్‌లో (దాచిన లాగ్‌లని ఫైళ్లుగా చూపే చోటు) దొరుకుతోంది. కరెంటే పోతే మాత్రం ఆశ పెట్టుకోకూడదు. కెర్నల్‌ని లోడ్ చేసే బూట్‌లోడర్ కూడా ఆ చోట ఏమీ రాయకుండా చూసుకోవాలి, దయచేసి ఈ మాట వ్యాసంలో చేర్చండి.

కొత్తవాళ్లకి ఇంకో మాట. 2018లో వచ్చిన 4.20 కెర్నల్‌లోనే మెమ్‌బ్లాక్‌కి ముందు ఆ పని చేసిన పాత బూట్‌మెమ్‌ని తీసేశారు, అది పట్టుకుని చదవొద్దు. కెర్నల్ కమాండ్ లైన్‌లో మెమ్‌బ్లాక్=డీబగ్ (memblock=debug) పెట్టి బూట్ లాగ్ చూడండి, ఏ ఫంక్షన్ ఎక్కడ ఎంత రిజర్వ్ చేసిందో వరుసగా కనిపిస్తుంది.