ఐదొందల మందే అజ్టెక్ సామ్రాజ్యాన్ని కూల్చారా?

కోర్టెస్ అనే స్పెయిన్ వాడు ఐదొందల మందితో మెక్సికోలో దిగాడని, అజ్టెక్ చక్రవర్తి మోక్టెజుమా అతన్ని దేవుడనుకుని లొంగిపోయాడని, తుపాకుల ముందు అంత పెద్ద సామ్రాజ్యం నిలవలేకపోయిందని ఒక కథ తెగ షేర్ అవుతుంటుంది. ఇందులో మొదటి ముక్క దాదాపు నిజం. మిగతాదే తేడా.

"ఐదొందల మందే గెలిచారు."
1519లో దిగింది సుమారు అంతమందే. 1521లో రాజధాని టెనోచ్టిట్లాన్‌ను ముట్టడించినప్పుడు మాత్రం వాళ్ల పక్కన స్థానిక సైనికులు వేలకు వేలు ఉన్నారు. వాళ్లలో ముఖ్యులు అజ్టెక్‌లకు లొంగని పొరుగు రాజ్యం ట్లాస్కాలా వాళ్లు. అజ్టెక్‌లు వాళ్లను చుట్టుముట్టి ఉప్పు, పత్తి కూడా అందకుండా చేశారు. అలాగని కోర్టెస్‌ని చూడగానే పూలదండలు వెయ్యలేదు. ముందు యుద్ధమే చేశారు, తర్వాత లెక్క చూసుకుని చేయి కలిపారు. 1520 జూన్ 30 రాత్రి స్పెయిన్ సేన చావుదెబ్బ తిని రాజధాని నుంచి పారిపోయింది. ట్లాస్కాలా ఆశ్రయం ఇవ్వకపోతే కోర్టెస్ కథ అక్కడితో సరి. రాజధాని ఉన్నది సరస్సు మధ్యలో, కాబట్టి పడవలు కావాలి. 13 పడవలకు కలప ట్లాస్కాలాలో సిద్ధమైతే, వేలమంది కూలీలు భుజాల మీద కొండలు దాటించి సరస్సు ఒడ్డున ఉన్న టెస్కోకో నగరానికి చేర్చారు. ఆ టెస్కోకో ఎవరిదనుకున్నారు? అజ్టెక్ కూటమిలోని మూడు నగరాల్లో ఒకటి! అక్కడి రాజకుటుంబంలోనే చీలిక వచ్చి, ఒక వర్గం కోర్టెస్ వైపు వచ్చేసింది.

"తుపాకులే గెలిపించాయి."
మొదట వచ్చినప్పుడు తుపాకుల వాళ్లు 13 మంది, గుర్రాలు 16. మైదానంలో గుర్రం, ఉక్కు కత్తి బాగా పనికొచ్చాయి, కాదనను. కానీ జూన్ 30 రాత్రి ఓడినప్పుడు కూడా అవన్నీ ఉన్నాయి, పైగా మొదటికంటే ఎక్కువే ఉన్నాయి.

"దేవుడనుకున్నారు."
1520లో కోర్టెస్ తన రాజుకు రాసిన ఉత్తరంలో, అతన్ని ఏ దేవుడనుకున్నారని చెబుతారో ఆ క్వెట్జల్‌కోట్ల్ పేరే లేదు. ఆ దేవుడి కథ ముదిరింది దశాబ్దాల తర్వాతి రాతల్లో. దేవుడనే నమ్మి ఉంటే, తర్వాత గద్దెనెక్కిన క్విట్లావాక్, క్వాటెమోక్ అంత మొండిగా ఎందుకు పోరాడతారు?

ఇక "మశూచే అంతా చేసింది" అనేవాళ్లూ ఉన్నారు. మశూచి క్విట్లావాక్‌ను చంపిన మాట నిజమే. ట్లాస్కాలా పెద్ద మాషిష్కాట్సిన్‌నూ అదే చంపింది. జబ్బు రెండు పక్షాలకీ వచ్చింది. నీళ్లు, తిండి ఆగిపోయింది మాత్రం ముట్టడిలో ఉన్న నగరానికే. 1521 ఆగస్టు 13న క్వాటెమోక్ పట్టుబడేదాకా అది లొంగలేదు.